పురుగు సాలు

పదకొండు గింజలే మిగిలినయి. మా అత్త బస్వమ్మ వాటిని చాటల పోసుకొని, వేలితోటి ఒక్కొక్కటే జరిపి చూసి, ఎలుకలను వాటి ఏడు తరాలను తిట్టింది. గురిగిల పోసి, బూడిద నింపి, మూతికి పేడ మెత్తి అటుక మీద దాచిన గింజలయి. ఎలుకలు గురిగిని కిందికి దొర్లించి పలుగగొట్టి మెక్కినయి.

"గివి పోతె పోయినయి తీ అత్తా, సంతల తెచ్చుకుందం," అన్న నేను.

చైనా లడాయి అయిపోయిన మరుసటేడు అది. కాపురానికొచ్చి నాకు రెండు నెలలు గూడ కాలే. కొత్త కోడలు నోరు మూసుకొని ఉంటె ఎంత మంచిగుండె! ఆ విద్య నాకు అప్పుడు రాలే, ఇప్పుడూ రాలే.

మా అత్త నా దిక్కు చూసింది. "సంతల దొరికేది కూరకు పిల్లా. ఇది తంబూరకు."

నిజమే. కూరకు వండుకునే ఆనిగెపుకాయ వేరే. ఇది బుర్రకాయ. కడుపు కుండంత అయితది, ఎండినంక తోలు కొబ్బరిచిప్ప లెక్క గట్టివడుతది. జహీరాబాద్ల బాబా మియా అని తంబూరలు చేసెటాయన ఉండె. దీపావళి దాటిందంటె చాలు, న్యాల్‌కల్ దిక్కు బండి పట్టుకొని మా ఊరికొచ్చి, తీగె మీదనే కాయను గోటితోటి కొట్టి, చెవి ఆనిచ్చి ఇంటుండె. ఇంకెవ్వల బుర్ర ఆయనకు నచ్చకపోతుండె.

అయితె మా అత్త పాణం తంబూర మీద లేదు. ఆమె తల్లిగారి ఊరు బీదర్ అవుతల. పెండ్లయి పదమూడేండ్ల పిల్లగ ఇటు వచ్చేనాడు, తల్లి కొంగుల కట్టి పంపిన గింజలయి. తర్వాత రెండేండ్లకు ఆ ఊర్ల గత్తర రోగం వచ్చింది. అమ్మ, అయ్య, ఇద్దరు తమ్ములు, అంత ఒక్క వారంల పోయిన్రు. ఇల్లు కూలింది, జాగ ఎవలెవలో కలుపుకున్నరు. మా అత్తకు నా తల్లిగారిది అని చేత పట్టుకొని చూసుకోను భూమ్మీద ఆ గింజ ఒక్కటే మిగిలింది. ఈ ముచ్చట నాకు మా ఆయన సదాశివ చెప్పిండు, అదీ నేను సంతల తెచ్చుకుందమన్న మాట అన్నంకనే. ముందుగాల చెప్తె ఏం పోతుండెనో!

మిరుగు కార్తె వాన పడ్డది. ఇంటికి చేనుకు నడుమ ఉన్న దడెంబడి పదకొండు గుంతలు తీసి పదకొండు గింజలు పెట్టినం. చేన్ల మినుములు అలికినం. ఆ పొద్దే మా అత్త నన్ను దడి పక్కకు తీస్కపోయి మినుముల మొదటి సాలు చూపెట్టింది.

"గిది పురుగు సాలు. దీని జోలికి పోవద్దు."

"పురుగు సాలేంది అత్తా?"

"మినుములకు కొమ్ముపురుగు పడుతది. చేనంత ఏరాలె. ఏరినయి తెచ్చి గీ సాల్ల ఇడువాలె. చంపొద్దు."

నాకు నవ్వాగలే. "పురుగులకు మనం బువ్వ పెట్టాల్నా?"

"మా అమ్మ పెట్టింది, నేను పెడుతున్న. బుర్రగింజ నాటినోళ్లు పురుగు సాలు ఇడువాలె. గింజ ఇచ్చినప్పుడే ఆ మాట గూడ ఇచ్చింది."

"ఎందుకట?"

"ఆమె చెప్పలే, నేను అడగలే. అడుగుదమనుకునేసరికి ఆమె లేదు." కొడవలి నడుముల చెక్కుకొని ఎల్లిపోయింది.

ఊరోళ్లు గూడ నవ్వుతుండిరి. బస్వమ్మ పురుగులకు ఇస్తరాకులు ఏస్తదని ఒకరు, బస్వమ్మ పురుగుల పెండ్లి ఎప్పుడని ఒకరు. మా అత్త ఇన్నట్టే చేయకపోతుండె.

పదకొండుల ఏడు మొలిచినయి. వానలు మంచిగ పడ్డయి. ఆషాఢం పోయేటాల్లకు దడి కంప కనవడకుండ తీగె అల్లుకున్నది.

ఒకనాడు మునిమాపుల బర్రెకు గడ్డి ఏసి వస్తున్న. బుర్ర పువ్వు పొద్దుగాల ఇచ్చుకోదు. పొద్దుమీకినంకనే ఇచ్చుకుంటది, అదీ తెల్లగ, పాలల్ల ముంచి తీసినట్టు. అప్పుడప్పుడే ఒక్కొక్కటి తెరుచుకుంటున్నయి. ఇంతల చెవి పక్కన బుర్రుమన్నది. తల తిప్పి చూస్తె పిట్ట. బొటనవేలంత పిట్ట. పువ్వు మీద వాలలేదు, పువ్వు ముంగట గాలిల నిలవడ్డది! రెక్కలు ఎంత జోరుగ కొడుతున్నదో, రెక్కలున్న జాగల పొగ మాత్రమే కనవడుతున్నది. మూతి నుంచి సన్నటి దారం తీసింది. దాని ఒళ్లంత కంటె ఆ దారమే పొడుగు. ఆ దారాన్ని పువ్వు నడిమిట్ల పెట్టి, తాగి, దబ్బున ఎనుకకు జరిగింది. ఎనుకకు ఎగిరే పిట్టను నేను నా జన్మల చూడలే.

నా చేతిల తట్ట కిందవడ్డది. "అత్తా! ఓ అత్తా! జల్ది దా!"

మా అత్త తాపీగ చేతులు తుడుచుకుంట వచ్చింది. "సందెపిట్టలే. మా దడికి ఎప్పుడూ వస్తనే ఉంటయి."

"వాలకుండ ఎట్ల తాగుతున్నయే అవి?"

"కూసో, చూద్దం," అన్నది. గొడ్డలి లెక్క మాట్లాడే మనిషి గంత మెత్తగ అనంగ నేను అదే మొదలు ఇనుడు. ఇద్దరం కట్టెల మొద్దు మీద కూసున్నం. పది, పన్నెండు వచ్చినయి. కండ్లకు పువ్వులు తప్ప ఏం కనవడకుండ చీకటయ్యేదాక చూసినం. ఇంట్ల నుంచి మా ఆయన, "దీపం ముట్టిచ్చేది ఉన్నదా లేదా?" అని మొత్తుకున్నా ఎవ్వలం లేవలే.

గంత చూసిన దాన్ని, నేనే గా పని చేసిన. చెప్పుకుంటె సిగ్గు, చెప్పకుంటె పాపం.

శ్రావణంల మినుములకు కొమ్ముపురుగు పడ్డది. చూపుడువేలంత పచ్చటి పురుగు, పక్కలకు గీతలు, తోక మీద కొమ్ము. దాన్ని చూస్తెనే నాకు ఒళ్లు జలదరిస్తుండె. మా అత్త ఒట్టి చేత్తోటి ఏరి గంపల ఏస్తుండె, నేను రెండు పుల్లలతోటి పట్టి కండ్లు మూసుకొని ఏస్తుండె. ఎన్ని ఏరినా తెల్లారి అన్నే. పురుగు సాలు మాడు గొరిగినట్టయింది. ఒక్క ఆకు లేదు, పురుగు మీద పురుగు.

ఆ దినాలల్లనే సర్కారు గ్రామసేవక్ వచ్చిండు. మదన్‌మోహన్ అని చిన్న వయసు పిల్లగాడు, సైకిల్ మీద జహీరాబాద్ నుంచి వస్తుండె. మంచోడు. ఊరంతకు పురుగుమందు, తెల్లటి పొడి సంచులు ఇచ్చి, నడి ఊర్ల నిలవడి చెప్పిండు. "పలుచటి గుడ్డల మూట కట్టి, మంచు ఉండంగనే చేను మీద కొట్టున్రి. ముక్కుకు గుడ్డ కట్టుకోన్రి. ఒక్క మాట యాదికి పెట్టుకోన్రి. పూత మీద కొట్టొద్దు. పూత మీద కొడితె వాలిన ప్రతి జీవం చస్తది."

మా మినుములకు ఇంక పూత రాలే. మంచిగైంది అనుకున్న.

మా అత్తకు చెప్తె కొట్టనియ్యదు. గది నాకు ఎరుకే. తెల్లారి ఆమె ఝరాసంగం పోయేది ఉండె, శ్రావణంల దేవుని తాన నాలుగు దినాలుండి వస్తది. పోయేటప్పుడు గూడ పురుగుల గంప నెత్తికి ఎత్తుకున్నది. "సాలు నిండింది, అవి ఏం తింటయి? తోవల వాగొడ్డుకు తూటి తీగె ఉన్నది, దాని మీద ఏసిపోత." దేవుని దగ్గరికి పురుగుల గంపతోటి పోయే మనిషి మా అత్త తప్ప ఇంకెవలుంటరు?

ఆమె అటు పోంగనే నేను ఇటు మూట కట్టిన. కోడి కూయంగ చేన్లకు పోయి, ఎడమచేత మూట పట్టుకొని కుడిచేత కట్టెతోటి తట్టుకుంట పోయిన. తెల్లటి పొడి మంచు మీద పడి అతుక్కున్నది. ఆఖరికి పురుగు సాలు వచ్చింది. జరసేపు నిలవడ్డ. అన్ని పురుగులు ఒక్కతాననే దొరికినయి గద అని దాని మీద రెండింతలు కొట్టిన.

మూటల ఇంక పొడి ఉన్నది. దడి దిక్కు చూస్తె బుర్ర ఆకులకు ఎర్రటి పెంకుపురుగులు బొక్కలు పెడుతున్నయి. ఎప్పుడు పెంకుపురుగు పడ్డా పొద్దుగాల్నే మంచుల బూడిద కొడుతం, మా తల్లిగారింట్ల గూడ గదే. బూడిద కొట్టినట్టే ఆ పొడి గూడ దడి ఈ కొస నుంచి ఆ కొస దాక కొట్టిన. ఆకులు, పువ్వులు అన్నీ తెల్లవడ్డయి.

పూత మీద కొట్టొద్దన్నడు గద అని మీరు అడుగుతరు. మదన్‌మోహన్ గూడ తర్వాత నెత్తి పట్టుకొని గదే అడిగిండు. నేనేం చెప్పాలె? పూత అంటె మినుములకు వస్తది, కందికి వస్తది, మామిడిచెట్టుకు వస్తది. దడికి పూత వస్తదని ఎవలన్నా అంటరా? దడికి పువ్వులు పూస్తయి. పంటది పూత, దడిది పువ్వు. నాకు ఆ ఆలోచననే రాలే.

పగటియాల్లకు పురుగులన్ని మెలికలు తిరిగి కిందికి ఏలాడినయి. చేను గెలిచిన అనుకున్న. నడుముకు చెయ్యి పెట్టుకొని రాజమాత లెక్క నిలవడ్డ.

రెండోనాడు పొద్దుగాల దడి కింద ఊడుస్తుంటె చీపురుకు ఏదో తగిలింది. సందెపిట్ట. పక్కకు ఇంకోటి. ఇంక జర దూరంల రెండు. ఒకటి ఇంక బతికే ఉన్నది. ఎల్లెలకల పడి, రెక్కలు కొట్టుకుంట ఉన్నజాగలనే గిర్రున తిరుగుతున్నది. చేతిలకు తీసుకున్న. పిట్టయితె రెండే కాళ్లుండాలె. దీనికి ఆరు. పక్కలకు గులాబిరంగు పట్టెలు, పుట్టిన పిల్లకు కట్టే మొలతాడంత ముద్దుగ. ఆ పొడుగు దారం మూతి నుంచి బయటికి ఏలాడుతున్నది, లోపలికి చుట్టుకోను దానికి చాత కాలే. నా చెయ్యి మీదనే నిలిచిపోయింది.

కింద పెట్టి చూస్తె నా వేళ్లకు పొడి అంటింది. సందెపిట్ట ఒంటి మీద బూడిదరంగు పొడి ఉంటది, ముట్టుకుంటె అంటుతది. దాంట్ల తెల్లది కలిసి ఉన్నది. ఏది దానిది, ఏది నాదో తెలువలే. నాలుగింటిని తీస్కపోయి పెంటల బొంద తీసి పెట్టిన. మా ఆయనకు గూడ చెప్పలే.

మా అత్త వచ్చింది. ప్రసాదం పంచింది, కాళ్లు కడుక్కున్నది, మునిమాపుల పోయి మొద్దు మీద కూసున్నది. పువ్వులు ఇచ్చుకున్నయి. ఒక్కటి రాలే.

"ఇయ్యాల ఏమాయెనో," అన్నది.

తెల్లారి రాలే. ఆ తెల్లారి రాలే. ఊరంత పొడి కొట్టిన్రు, అవి ఎక్కడికెల్లి వస్తయి? పొద్దుగాల పువ్వుల మీద తిరిగే ఈగలు గూడ లేకపాయె. దడి కాడ నిలవడితె చెవులల్ల దూది పెట్టుకున్నట్టుండె.

అప్పటిదాక వచ్చినయి ఒట్టి పువ్వులు. అప్పుడు పిందె పువ్వులు మొదలైనయి. పువ్వు కింద గోలి అంత పిందె, దానికి నూగు. మా అత్త పొద్దున లేవంగనే వాటిని చూస్తుండె. మూడు దినాలకు పిందె పసుపువడుతది, నాలుగోనాడు రాలుతది. రాలినయన్ని ఆమె ఏరి చాటల పెట్టింది. ఇరవై అయినయి. ముప్పై అయినయి.

ఆ వారంలనే బాబా మియా వచ్చిండు. పక్క ఊర్ల చుట్టాల ఇంటికి పోతు, కాయలు ఎట్లున్నయో చూద్దమని దిగిండు. తెల్ల గడ్డం, భుజం మీద ఎర్ర రుమాలు. చాటల పిందెలు చూసి ఆయన మొకం మారింది.

"గిదేంది అక్కా? తీగె మంచిగుంది, పువ్వులు మంచిగున్నయి. కాయ ఎందుకు నిలుస్తలే?"

"ఏమో భాయి. దేవుని కాడికి పోయొచ్చిన. ఏం తప్పు చేసిన్నో తెలుస్తలే," అన్నది మా అత్త. "గింజ ఒక్కటి గూడ మిగుల్చుకోలే. అన్ని పెట్టిన. గీ ఏడు కాయ కాకపోతె మా అమ్మది అయిపోయినట్టే."

ఏడుపు లేదు ఆమె గొంతుల. చెంబు పట్టుకొని నిలవడ్డదాన్ని, చెంబు కింద పెట్టిన.

"తప్పు నువ్వు చేయలే అత్తా. నేను చేసిన. పొడి కొట్టిన. పురుగు సాలు మీద కొట్టిన, దడి మీద కొట్టిన. సందెపిట్టలు నా చేతిలనే సచ్చినయి. పెంటల బొందవెట్టిన."

తిడుతదనుకున్న. కొడుతదనుకున్న. మా అత్త చాట తీసుకొని లోపలికి పోయింది. బాబా మియా గడ్డం నిమురుకొని, "ఇంక పువ్వులున్నయి గద బేటీ. చూద్దం," అని ఎల్లిపోయిండు. మా అత్త ఆ దినం నుంచి నాతోటి మాట్లాడుడు బంద్ పెట్టింది. బువ్వ ముంగట పెడితె తింటుండె, పిలిస్తె పలుకకపోతుండె. ఎనిమిది దినాలు. నోట్ల గొడ్డలి ఉన్నోళ్లు మాట్లాడకపోతె ఇంకా భయం.

తొమ్మిదోనాడు పొయ్యి పలిగింది. పొయ్యికి మెత్తను ఎర్రమన్ను కావాలని గడ్డపార, తట్ట పట్టుకొని వాగొడ్డుకు పోయిన. మంచి మన్ను తూటి తీగె కిందనే ఉంటది. రెండు పోట్లు పొడిచిన. మూడో పోటుకు మన్ను గుల్లగ తగిలింది.

చేత్తోటి తీసి చూస్తె జానెడు లోతుల చిన్న అర్ర. మనిషి అలికినట్టు లోపల నున్నగ ఉన్నది. నేను పొయ్యి అలుకను వస్తె, భూమిల ఎవలో నాకంటె మంచిగ అలికిన్రు! దాంట్ల ఏలెడంత గోధుమరంగు గోలెమసోంటిది. కూజాకు పిడి ఉన్నట్టు, దాని మూతి కాడ ఒక ఒంపు తిరిగిన పిడి. పిడి పట్టుకొని ఎత్తుదమని ముట్టుకున్న. అది తోక ఆడిచ్చింది.

"అమ్మో!" అని గడ్డపార ఇడిచిపెట్టి ఆమడ దూరం ఉరికిన. మల్ల మెల్లగ వచ్చి తొంగిచూసిన. అది పండుకునే ఉన్నది. దాని పక్కకు ముడుతలు పడ్డ తోలు, దానికి ఒక కొమ్ము.

ఆ కొమ్మును నేను మర్చిపోతనా? కండ్లు మూసుకుంటె గూడ కనవడే కొమ్ము అది. మా అత్త గంపల తెచ్చి ఈ తీగె మీద ఏసిపోయిన పురుగులే. తిని, బలిసి, భూమిలకు దిగి, ఇల్లు అలుక్కొని, తోలు ఇడిచిపెట్టి, ఇగ దేనికోసమో ఎదురుచూస్తున్నయి.

జాగ్రత్తగ తోడితె ఇంకోటి దొరికింది. రెండింటిని తట్టల మెత్తటి మన్నుల పెట్టుకొని ఇంటికి తెచ్చిన. మా అత్త బియ్యం ఏరుతున్నది. తట్ట ఆమె ముంగట పెట్టి తోలు, కొమ్ము చూపెట్టిన.

చానసేపు చూసింది. "పురుగు చచ్చి గిట్లయితదా?" అన్నది. ఎనిమిది దినాలకు అదే మొదటి మాట.

"చావలే అత్తా. తోక ముట్టుకో."

ముట్టుకున్నది. అది ఆడిచ్చింది. మా అత్త చెయ్యి దబ్బున ఎనుకకు గుంజుకొని, పోకుండ మల్ల ముట్టుకున్నది. "బతికే ఉన్నది పిల్లా," అన్నది.

పాత కుండల మన్ను పోసి వాటిని పెట్టి, మీద పలుచటి గుడ్డ కట్టినం. కుండను మా అత్త తను పండుకునే అర్రల పెట్టుకున్నది. దినాం ఇన్ని నీళ్లు చిలుకరిస్తుండె. దడి మీద పువ్వులు తక్కువైతున్నయి. తీగె కింది ఆకులు ఎండుతున్నయి. రాలిన పిందెలు ఏరుడు ఆమె మానుకున్నది. ఒకటి నల్లగైంది, అది ఇగ ఆడలే. ఇంకోదాని లోపల ఏవో గీతలు కనవడ్డయి.

ఒకనాడు దీపం ముట్టిచ్చే యాల్లకు అర్రల నుంచి కేక వచ్చింది. "సంగీ!"

ఆమె నన్ను పేరు వెట్టి పిలుసుడు అదే మొదలు. ఉరికిన. గుడ్డ ఇప్పి ఉన్నది. గోధుమరంగు గోలెం వీపు మీద పలిగి, దాంట్లకెల్లి తడితడిగ ఏదో బయటికి వస్తున్నది. వచ్చి, కాళ్లు ఈడ్చుకుంట కుండ గోడ ఎక్కి, అంచుకు ఏలాడింది. దాని వీపు మీద పిడిచి పడేసిన గుడ్డపేలికల లెక్క రెండు ముద్దలు. మేం ఇద్దరం కుండ పక్కకే కూసున్నం. ఆ ముద్దలు మెల్లగ ఇప్పుకుంటున్నయి. మడతలు పోతున్నయి. అంగుళం, రెండంగుళాలు. ఎవ్వలు లాగుతలేరు, ఎవ్వలు ఇస్త్రీ చేస్తలేరు, వాటంతట అవే సాపవుతున్నయి. రెక్కలు! పక్కలకు గులాబిరంగు పట్టెలు. మూతి కాడ దారం. పిడి అనుకున్నది దారాన్ని దాచిపెట్టుకున్న ఒర.

మా అత్త దీపం దగ్గరికి జరిపింది. మెల్లగ అన్నది, "సందెపిట్ట."

"అవునత్తా."

"పురుగు... పిట్టాయెనా?"

"ఆయె."

"అంటె నలపై ఏండ్ల సంది నేను బువ్వ పెట్టింది..." అని ఆగిపోయింది. కుండ అంచుకు ఏలాడుతున్న దాన్ని చూసుకుంటనే ఉన్నది. జర సేపటికి, నాతోటి కాదు, ఇంకెవలితోనో మాట్లాడినట్టు అన్నది. "గందుకానే అమ్మా? గందుకు ఇడువుమన్నవా సాలు? ఒక్క మాట చెప్తె ఏమాయె!" అని, నవ్వింది. నవ్వుకుంట కొంగు కండ్లకు అద్దుకున్నది. నాకు గూడ ఏడుపొచ్చింది. ఎందుకో ఇంత వయసొచ్చినా సక్కగ చెప్పరాదు.

తెల్లారి మునిమాపుల కుండ ఎత్తుకొని దడి కాడికి పోయినం. వానలు కొట్టి కొట్టి ఆకుల మీద తెల్లపొడి ఎప్పుడో కడుక్కపోయింది. ఆ పొద్దు ఒట్టి పువ్వులు అయిదారు, పిందె పువ్వులు మూడు ఇచ్చుకున్నయి. ఇగ అవే ఆఖరు.

సందెపిట్ట కుండ అంచు మీద కూసొని ముందుగాల వణికింది, చలిజరం వచ్చినట్టు గజగజ వణికింది. తర్వాత లేచింది. లేచి సీదా దడి మీదికెల్లి అవుతలికి పోయింది.

మా అత్త నా రెక్క గట్టిగ పట్టుకున్నది. "పాయె పిల్లా. పాయె."

బుర్రుమన్నది. ఎనుక నుంచి వచ్చింది. మా ఇద్దరి నడిమిట్లకెల్లి పోయి తెల్లటి పువ్వు ముంగట నిలవడ్డది. దారం ఇప్పింది, పుట్టి ఒక్కనాడే అయింది, ఎవలు నేర్పిన్రు దానికి! తాగింది. మొకానికి పువ్వు పొడి అంటింది. ఆ మొకంతోటే ఇంకో పువ్వు. మల్ల పక్కది. అట్లనే వచ్చి పిందె పువ్వులల్ల మూతి పెట్టింది.

అప్పుడు నాకు సమజయింది. నేను గూడ పొడే కొట్టిన, అది గూడ పొడే తెస్తున్నది.

మా అత్త రెండు చేతులు జోడిచ్చింది. ఝరాసంగంల గూడ గట్ల జోడిచ్చి ఉండది.

మూడు పిందెలల్ల రెండు పసుపువడ్డయి. ఒకటి పచ్చగనే ఉన్నది. నాలుగోనాడు ఉన్నది. పదోనాడు నిమ్మకాయంత అయింది. మా అత్త దాని కింద గడ్డి పరిచి, మీద కంప కప్పి, కాకి వాలకుండ కావలి కూసున్నది. మా ఆయన, "నన్ను కన్నప్పుడు గూడ గంత చూసుకొని ఉండదు," అని ఎక్కిరిచ్చిండు. దసరాకు కుండంత అయింది. చలికాలంల తీగెంత ఎండింది, కాయ పసుపు రంగుకు తిరిగింది.

పుష్యమాసంల బాబా మియా వచ్చిండు. గోటితోటి కొట్టి, చెవి ఆనిచ్చి, కండ్లు మూసుకొని ఇన్నడు. "వా!" అన్నడు. తర్వాత చిన్న రంపం తీసి మెడ కాడ కోసి, బుర్రను తలకిందులు చేసి ఊపిండు. మా అత్త కొంగు పట్టింది. గింజలు గలగల పడ్డయి. పడుతనే ఉన్నయి. ఒక్క కాయల గన్ని గింజలు! కొంగు బరువుకు కిందికి దిగింది.

మా అత్త గుప్పెడు తీసి నా కొంగుల పోసి, తనే ముడి ఏసింది. తన తల్లి ఏసినప్పుడు గూడ గట్లనే ఏసి ఉంటది.

"మాట గూడ ఇస్తున్న," అన్నది. "పురుగు సాలు ఇడువాలె."

"ఇడుస్త అత్తా," అన్న. ఆ ఏడు మొదలు ఒక్క సాలు కాదు, రెండు ఇడుస్తున్న.

ఇప్పుడు మా అత్త లేదు, బాబా మియా లేడు. మొగుడంపల్లి, చిరాగ్‌పల్లి నుంచి గూడ గింజకు నా తానికే వస్తరు. ఇస్త. గింజతోటి మాట గూడ ఇస్త, మినుములల్ల ఒక సాలు పురుగుకు ఇడువున్రి అని. నవ్వుతరు. ఎందుకవ్వా అని అడుగుతరు. మా అత్త లెక్క తెల్వదని చెప్పే పని లేదు నాకు.

దడి కాడ సందె దాక కూసోన్రి అంట.